బీరువా వెనక పిల్లి

పిల్లి వైపు చూడకూడదు. గోడను చూడొచ్చు, కిటికీని చూడొచ్చు, నా కాళ్ళు నేను చూసుకోవచ్చు. బీరువాను గది మూలకి ఏటవాలుగా పెట్టడంతో దాని వెనక మిగిలిన ముక్కోణపు చీకటిని మాత్రం చూడకూడదు. చూడకూడదనుకున్నప్పటి నుంచీ నా మెడ అటే తిరుగుతోంది. "ఒక గంట కదలకుండా కూకో అక్కా," అని ఈ పిల్లినిచ్చిన చంద్రిక ఫోన్లో మరీ మరీ చెప్పింది. "దాని కాసి సూడకు. పిలవకు. నీ గొంతు అసలు ఇనపడనీకు. నువ్వు గదిలో ఉన్నావని దానికి తెలుస్తాది. నీ వల్ల దానికేటీ అవదని కూడా తెలియాల కదా." గంటసేపు! పెళ్ళిపీటల మీద కూడా నేను అంతసేపు కదలకుండా కూర్చోలేదు, పంతులుగారు మంత్రం ఆపి మా అమ్మ వైపు చూశారు. హైస్కూల్లో ఆటలు నేర్పే పీఈటీని నేను. ప్రేయరు దగ్గర్నుంచి ఆఖరి బెల్లు దాకా నిలబడతాను, నిలబడకపోతే నడుస్తాను, నడవకపోతే అరుస్తాను. అలాంటిదాన్ని ఇప్పుడు చాప మీద గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఫ్యాను ఒకటి మీద తిరుగుతుంటే మెడ కింద చెమట కారుతున్నా తుడుచుకోకుండా కూర్చున్నాను. నాకు మూరెడు దూరంలో స్టీలు పళ్ళెం. అందులో ఉప్పు లేకుండా ఉడకబెట్టి, ముళ్ళు తీసి మెదిపిన నెత్తళ్ళ చేపలు. ఆయన పొద్దున్నే మల్కాపురం బజారుకి వెళ్ళి తెచ్చారు. మధ్యాహ్నం తనే ఉడకబెట్టి, తనే మెదిపి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, తెల్ల చొక్కా తొడుక్కుని ఆస్పత్రికి వెళ్ళారు. ఒక్కరే.

ఒక్కరే ఎందుకు వెళ్ళాలి? ఇవాళ రెండో శనివారం, నాకు బడి లేదు. రిపోర్టు ఇచ్చే రోజు ఇదేనని ఇద్దరికీ తెలుసు. చీర కట్టుకుని తయారయ్యాను కూడా. "ఇద్దరం వెళ్తే దీని దగ్గర ఎవరుంటారు గౌరీ?" అన్నారు, గాలి ఎక్కువ మాట తక్కువగా ఉన్న ఆ బొంగురు గొంతుతో. "ఉండకపోతే ఏటవుతాదండి?" అన్నాను. "చచ్చిపోద్ది," అన్నారు. ఆ మాట బయటికొచ్చాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన చెప్పులు వెతుక్కున్నారు, అవి కళ్ళ ముందే ఉన్నాయి. నేను వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను. నిజమే, పిల్లి వచ్చిన దగ్గర్నుంచీ మెతుకు ముట్టలేదు. పాలు పెడితే మీగడ కట్టింది, కోడిమాంసం పెడితే చీమలు పట్టాయి. పిల్లులు మనుషుల్లా ఉపవాసాలుండలేవు, కాలేయం దెబ్బతింటుంది, సాయంత్రానికి కూడా తినకపోతే తీసుకొచ్చెయ్యండి సెలైన్ ఎక్కిస్తాను అని పశువుల డాక్టరు చెప్పాడు. చంద్రికేమో చీకటి పడేలోగా బుట్ట పట్టుకుని వచ్చి తీసుకుపోతానంది, "నా కాడైతే తింటాదేమో అక్కా, లేకపోతే దాని పేనం మీదకొచ్చీద్ది" అంది. అన్నీ నిజాలే. కానీ ఆయన నిజాన్ని అడ్డం పెట్టుకుని నన్ను ఇంట్లో ఉంచేశారు. అబద్ధం చెప్పుంటే పట్టుకునేదాన్ని. నిజాన్ని ఎలా పట్టుకుంటాం?

పీల్చిన ఊపిరి వదలాలన్నా భయంగా ఉంది. అక్కడ ఏదో కదిలింది. బీరువా వెనక రేకుకి గోరు గీసుకున్న చప్పుడు. చూడకు. కిటికీని చూడు. కిటికీ ఊచల మీద పోర్టు బొగ్గుదుమ్ము మళ్ళీ నల్లటి పొరలా పేరుకుంది, పొద్దున్న తుడిచిందే, శ్రీహరిపురంలో ఏ ఇంటి కిటికీ అయినా అంతే, గుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డ నలుపు, చెయ్యి పెట్టి తుడిస్తే చెయ్యి నలుపు. ఊచల అవతల యారాడ కొండ ఎండలో ఆరేసిన పాత దుప్పటిలా ఉంది. జూన్ వచ్చి ఇన్నాళ్ళయినా చినుకు లేదు. ఇప్పుడాయన ఎక్కడుండి ఉంటారు? బస్సు దిగి ఉంటారా, ఆ పొడుగు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటారా, పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరైనా మాట కలిపితే ఈ గొంతుతో ఏం చెప్తారో. నేనుంటే నేను చెప్పేదాన్ని. మా ఇంట్లో చెప్పేది ఎప్పుడూ నేనే. కరెంటోళ్ళతో, గ్యాసోళ్ళతో, అపార్టుమెంటు మీటింగులో, మా అమ్మాయి కీర్తన కాలేజీ అడ్మిషను దగ్గర, అన్నిచోట్లా నేనే. ఆయన నా వెనక నిలబడి తలూపుతారు. ఇప్పుడు ఆ వరండాలో ఆయన ముందు ఎవరు నిలబడ్డారు?

అసలీ పిల్లి మా ఇంటికి రావలసిందే కాదు. మంగళవారం ఆయన గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. మత్తు దిగాక స్కూటీ మీద తిరిగొస్తున్నాం, నేను నడుపుతున్నాను, ఆయన వెనక కూర్చుని నా భుజం పట్టుకున్నారు. పెళ్ళయ్యాక ఎప్పుడూ ఆయన అలా పట్టుకోలేదు, ఎంత గుంతలో పడినా వెనక కడ్డీనే పట్టుకుంటారు. ఆ చేతి బరువే ఆలోచిస్తూ ఆటోనగర్లోకి వచ్చేసరికి యాక్సిలరేటర్ తీగ పుటుక్కున తెగింది. చుట్టూ లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు, కాలిన ఇనప వాసన. మెకానిక్కు తీగ మారుస్తుంటే పక్క షెడ్డులో, లారీ సీట్లు కుట్టేచోట, రెగ్జిన్ ముక్కల మధ్య ఒక అట్టపెట్టె. పెట్టె లోపలి మూలకి అతుక్కుపోయి బూడిదరంగు పిల్లి, మూతి తెలుపు, ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది. ఆ షెడ్డు వాళ్ళమ్మాయే చంద్రిక. వీధి పిల్లుల్ని పట్టుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, గుర్తుకి చెవి కొస కత్తిరింపించి, తిండి పెట్టి, ఎవరైనా అడిగితే ఇస్తుందట. "ఇది మిగతావాటితో కలవలేదు సార్. సుత్తి సప్పుడు మొదలైతే పెట్టిలోంచి రాదు. ఎవలైనా ఇంట్లో పెట్టుకుంటే బాగుపడతాది," అంది. ఆయన పెట్టె ముందు గొంతుక్కూర్చున్నారు. తీగ మార్చడం అయిపోయింది, మెకానిక్కు రెండుసార్లు హారన్ కొట్టాడు, ఆయన లేవలేదు. లేచి నా వైపు చూసి, పెట్టెను చూపించి, స్కూటీని చూపించారు. డాక్టరు రెండు రోజులు నోరు విప్పొద్దన్నాడు మరి. "ఇప్పుడేటండి పిల్లి? రిపోర్టు రానీండి, ఏటో తేలనీండి," అన్నాను. "కీర్తన సిన్నప్పుడు ఎంతేడిసినా బొచ్చూ గిచ్చూ అని వద్దన్నారు కదా," అన్నాను. "ఎవలు సూత్తారు దీన్ని, మీకా డ్యూటీ, నాకా గ్రౌండు," అన్నాను. మాట్లాడకూడని మనిషితో వాదించడం ఎలా? మాటకి మాట తగిలితేనే వాదన. నా మాటలన్నీ వెళ్ళి ఆయనలో పడిపోయాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. చివరికి ఆ అట్టపెట్టెకి తాడు కట్టింది నేనే.

కాలు తిమ్మిరెక్కుతోంది. మడమ దగ్గర మొదలై పిక్క దాకా జిలజిల. కదిలిస్తే చాప చప్పుడు చేస్తుంది. ఖోఖోలో పిల్లలకి నేను చెప్పేది ఇదే, కూర్చోవడం అంటే విశ్రాంతి కాదే, కూర్చోవడమే ఆట, ముని వేళ్ళ మీద బరువుండాలి, వెనక నుంచి ఖో అనగానే బాణంలా లేవాలి, కళ్ళు మాత్రం ముందుకే ఉండాలి. వాళ్ళంతా ఎంత బాగా కూర్చుంటారు. వరసలో ఎనిమిదిమంది, ఒకళ్ళటు తిరిగి ఒకళ్ళిటు తిరిగి, దుమ్ములో చేతులానించి. నేనిప్పుడలా కూర్చున్నాను. ఎవరో వెనక నుంచి వచ్చి వీపు మీద చరిచి ఖో అంటే లేచి పరిగెత్తుదామని. ఎక్కడికి? ఆస్పత్రికి. ఆటో పట్టుకుంటే ఎంతసేపు? సింధియా జంక్షన్లో లారీలడ్డం రాకపోతే ఎంతో పట్టదు. కానీ చరిచేవాళ్ళెవరూ లేరు. గోడ తప్ప నా వెనక ఏమీ లేదు.

మొదటిరోజే నేను తప్పు చేశానంటుంది చంద్రిక. పెట్టె తెరవగానే పిల్లి మెరుపులా బీరువా వెనక్కి దూరితే, "ఓసి నీ అమ్మా కడుపు మాడ, ఇటు రా, నిన్నెవలు కొరికేత్తారు!" అన్నాను. ముద్దుగానే అన్నాను. నా ముద్దు కూడా పై అంతస్తు దాకా వినపడుతుంది. పై ఇంటి వెంకటరమణమ్మగారు కిందికి దిగొచ్చి ఎవరైనా పడిపోయారా అని అడిగారు. ఏం చెయ్యను, ఈ గొంతు నేను కొనుక్కున్నది కాదు. మా ఊరు పద్మనాభంలో మా నాన్న సత్యం పొలం ఊరికి దూరం, కొండ పక్కగా. అన్నం వేళయితే అమ్మ నన్ను గట్టు మీదికి పంపేది. అక్కడ నిలబడి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "నానోయ్" అంటే మడులన్నీ దాటి ఆ పిలుపు వెళ్ళి మా నాన్న వీపుకి తగలాలి. మొదటి కేకకి నాన్న నడుం ఎత్తేవాడు, రెండో కేకకి చెయ్యెత్తేవాడు. మూడో కేక వేయాల్సొస్తే ఇంటికొచ్చాక, "ఏటే బుజ్జీ, తిన్లేదేటి పొద్దున్న? గొంతులో బలం లేదు," అనేవాడు. గొంతు అంటే నాకు అది. అందుకోవడం. మా అత్తగారిది రాజోలు వైపు. పెళ్ళిచూపులకొచ్చినప్పుడు కాఫీ తీసుకోండంటే ఆవిడ గ్లాసు తొణికింది. "అమ్మాయి బంగారం అండి, చెవి కాస్త ఎడంగా పెట్టుకుంటే చాలు," అని మా అమ్మతో అన్నారు, తర్వాత ఆ మాట ఎంతమందికి చెప్పి నవ్వారో. వాళ్ళింట్లో అందరిదీ పప్పులో నెయ్యి కలిపినట్టు మాట్లాడే గొంతే. పెళ్ళికొడుకు దేవీప్రసాదుగారని పోర్టులో క్రేను ఆపరేటరు, మాట మెత్తన, మనిషి భారీ అని పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పాడు. ఆ భారీ మనిషి నేలమీద బోర్లా పడుకుని, ఆ బీరువా అంచుకి దవడ ఆనించి, తెల్లవారుతుండగా పిల్లితో ఏదో చెప్తుంటే నిన్న చూశాను. ఏం చెప్తున్నారో వినపడలేదు. నాకు చెప్పనివి దానికి చెప్తున్నారని మాత్రం తెలిసింది. పిల్లి మీద అంత కోపం ఎందుకొచ్చిందో అప్పుడు నాకు తెలియలేదు, పాలు పొంగిపోయే దాకా చూస్తూ నిలబడ్డాను.

గొంతు మారిన సంగతి మొదట పట్టుకున్నది కూడా నేను కాదు, ఆయనతో పనిచేసే కన్నబాబు. కింద ఓడ మీద నిలబడి సైగలు చేసేది అతను. పైన ఎక్కడో ఆకాశంలో అద్దాల గదిలో ఆయన. ఇద్దరి మధ్యా వాకీటాకీ. ఓ ఆదివారం కన్నబాబు ఇంటికొచ్చి నాతో అన్నాడు, "వదినా, అన్న గొంతేటి అలగైపోనాది? నాకేటీ ఇనపడతన్లేదు. ఎత్తుతానన్నాడో దించుతానన్నాడో తెల్డం లేదు. మొన్న మూడుసార్లు అడిగినాను." జలుబన్నాను. శొంఠి కషాయం, మిరియాల పాలు, ఉప్పునీళ్ళు. ఎప్పుడో మానేసిన సిగరెట్లు అప్పుడు గుర్తు రాలేదు. ఎండలు ముదిరినా జలుబు వెళ్ళలేదు. క్రేను మీద నుంచి దించి ఆఫీసులో కూర్చోబెట్టారు, గొంతు బాగయ్యేదాకా అని. ఆ రోజు ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని, ఇక్కడ్నుంచి ఏమీ కనపడదే అన్నారు. ఏటి కనపడాలండి అన్నాను. ఏం లేదులే అన్నారు. సముద్రం అయుంటుంది.

ఓడ కూసింది. పోర్టులోకి వచ్చేదో వెళ్ళేదో, ఒక్కటే పొడుగు కూత, కిటికీ అద్దం సన్నగా వణికింది. నా పక్కన గోడకి వేలాడదీసిన వాలీబాల్ వల సంచి ఆ వణుకుకో, నా భుజం తగిలో జారి, అందులోంచి ఒక బంతి బయటపడి, టప్, టప్, టప్ అని గచ్చు మీద ఎగురుకుంటూ వెళ్ళి బీరువాకి కొట్టుకుంది. అయిపోయింది. కళ్ళు మూసుకున్నాను. బీరువా వెనక పెద్ద పెనుగులాట, ఏదో గోడకి కొట్టుకుంది, ఆ తర్వాత ఏమీ లేదు. ఇక సెలైనే. ఇక చంద్రిక బుట్టే. ఆయన వచ్చి ఏదీ పిల్లి అంటే? ఆయన వచ్చి ఏం చెప్తారో తెలీదు, ఆ చెప్పేది విన్నాక పిల్లి కూడా లేదని నేనెలా చెప్పాలి? వద్దు. అలా అనుకోకు. పిల్లికీ రిపోర్టుకీ సంబంధం లేదు. చదువుకున్నదానివి. పిల్లి తింటే రిపోర్టు మంచిదని, తినకపోతే కాదని ఎక్కడైనా ఉంటుందా? లేదు. లేదని తెలుసు. తెలిసీ పొద్దున్నుంచీ అదే లెక్క వేస్తున్నాను. తినవే తల్లీ. ఒక్క ముద్ద తిను. నీకేం బాకీ లేను, నువ్వూ నాకు లేవు, అయినా తిను.

ఎంతసేపయిందో. ఎండ కిటికీ దిగి గచ్చు మీదికి వచ్చింది. పై ఇంట్లో కుక్కరు కూత పెట్టింది, ఎవరో బకెట్టు లాగారు. కంటి చివర, చూడాలని కాదు, అది దానంతటదే కంటి చివరికి వచ్చింది, బీరువా అంచున ఒక తెల్లటి మూతి. మీసాలు వణుకుతున్నాయి. నేను నా కాలి బొటనవేలిని చూశాను. దాని గోరు అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. మూతి వెనక తల, తల వెనక మెడ. కడుపు నేలకి రాసుకునేంత కిందికి వంగి, ఒక్కో కాలూ వేస్తూ, వేసిన కాలు మళ్ళీ తీస్తూ వచ్చింది. బంతి దగ్గర ఆగింది. బంతిని వాసన చూసింది. అది కరవదని తేల్చుకుంది. నెత్తళ్ళ వైపు తిరిగింది. నా వైపు తిరిగింది. ఎంత సన్నగా ఉందో. డొక్కలు లోపలికి పోయాయి. ఇంత ఆకలితో ఇన్ని రోజులు ఆ చీకట్లో కూర్చోవడానికి ఎంత భయం ఉండాలి? భయం ఆకలి కన్నా పెద్దదని నాకెవరూ చెప్పలేదు. నేను దీన్ని పొగరన్నాను, మొండిదన్నాను.

అప్పుడు వంటింట్లో ఫోను మోగింది.

మోగలేదు, చంద్రిక చెప్పిందని శబ్దం తీసేసి గట్టు మీద పెట్టాను, రాయి మీద అది తేనెటీగలా జుమ్మంటూ జరుగుతోంది. పిల్లి గడ్డకట్టింది. నేనూ గడ్డకట్టాను. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈ వేళప్పుడు చేసేది ఇద్దరే, ఆయన, విజయనగరం హాస్టల్ నుంచి కీర్తన. కీర్తనకి సంగతేదీ తెలీదు, అది చేసేది చీకటి పడ్డాకే. అయితే ఆయనే. రిపోర్టు చేతిలో పట్టుకుని ఆ వరండా చివర నిలబడి చేస్తున్నారు. లేవాలి. నాలుగు అడుగులు వేస్తే వంటిల్లు. లేస్తే పిల్లి పోతుంది, పోతే పోనీ, పిల్లి కన్నా మనిషి ఎక్కువ కాదా, లే గౌరీ, లే. కాలు తిమ్మిరి. కాలు తిమ్మిరని కాదు. పిల్లి కోసమూ కాదు. రేపు ఎవరైనా అడిగితే పిల్లి కోసం లేవలేదని చెప్తానేమో, వినడానికి బాగుంటుంది. కానీ ఆ ఫోను ఎత్తనంతసేపూ ఆయనకి ఏమీ లేదు. ఎత్తితే ఏదో ఒకటి అవుతుంది. ఈ గచ్చు మీద, ఈ ఎండ ముక్క పక్కన, ఆయన ఇంకా జలుబు చేసిన మనిషే. ఇంకాసేపు ఉండనీ. ఊరందరికీ వినపడేలా అరిచే గౌరీశ్వరి, గ్రౌండులో తొమ్మిదో తరగతి మగపిల్లల్ని ఒక్క విజిల్‌తో నిలబెట్టే గౌరీశ్వరి, గోడకి అతుక్కుని కూర్చుంది. ఫోను మూడోసారి జుమ్మని ఆగిపోయింది. ఆ ఆగిపోయిన చోట, నాకు మూరెడు దూరంలో, చిన్న తడి చప్పుడు. స్టీలు పళ్ళేనికి నాలిక తగిలిన చప్పుడు.

తింటోంది. చూడకూడదు, తింటోంది. ముందు అంచున ఉన్న రసం నాకింది, తల ఎత్తి చుట్టూ చూసింది, ఓ ముక్క తీసింది, మింగింది, ఇక ఆగలేదు. పళ్ళెం ముందుకి జరుగుతోంది, దాంతో పాటు అదీ జరుగుతోంది, నా కాలి దగ్గరికి వస్తున్నానని దానికి తెలుస్తున్నట్టు లేదు. ఎవరికి చెప్పాలి ఈ సంగతి? చెప్పాలనిపించినది ఒక్కరికే, ఆయన ఫోనే నేను ఎత్తలేదు.

వీధి తలుపు తాళం తిరిగింది. చెప్పులు విడిచిన చప్పుడు, ఒకటి, తర్వాత రెండోది. ఆయన అడుగు నాకు తెలుసు, ఎంత బరువైన మనిషో అంత మెల్లగా వేస్తారు. ఆ అడుగుని బట్టి ఏదైనా తెలుస్తుందేమోనని విన్నాను. ఏమీ తెలియలేదు. గది గుమ్మంలోకొచ్చి ఆగారు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది, చేతిలో పొడుగాటి కవరు. నన్ను చూశారు, పళ్ళేన్ని చూశారు. పిల్లి చెవులు వెనక్కి వాలాయి, తినడం ఆగింది. ఆయన అక్కడికక్కడే గుమ్మానికి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నారు. మోకాలు చిటుక్కుమంది. పిల్లి ఆయన వైపు ఓ చూపు చూసి మళ్ళీ పళ్ళెంలోకి తల దించింది.

"ఎప్పట్నుంచి?" అన్నారు. గుసగుస. ఇప్పుడాయన గొంతే గుసగుస.

"ఇప్పుడే," అన్నాను. నా నోట్లోంచి అంత చిన్న మాట రాగలదని నాకే తెలీదు.

"బస్సు దిగి ఫోను చేశాను."

"ఇనపడింది."

ఎందుకెత్తలేదని అడగలేదు. కవరుని నేల మీద పెట్టి దాని మీద అరచెయ్యి పెట్టారు, ఎగిరిపోతుందన్నట్టు.

"చిన్నదేనంట," అన్నారు.

"సిన్నదంటే? అదేనా?"

"అదే."

ఫ్యాను తిరుగుతోంది. పిల్లి నాలిక పళ్ళేన్ని గీకుతోంది. నా కడుపులో నుంచి ఒక కేక బయల్దేరింది, పద్మనాభం గట్టు మీద వేసే కేకంత, ఛాతీ దాటి గొంతు దాకా వచ్చింది, నోరు తెరుచుకుంది కూడా. ఆయన గడ్డంతో పిల్లిని చూపించారు. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. కేక వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది, వెళ్తూ ఎక్కడెక్కడ తగిలిందో అక్కడల్లా నొప్పి పుట్టింది.

"తొందరగా వచ్చారన్నాడు డాక్టరు," అన్నారు మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "ఒక పక్కనే ఉందంట. కొయ్యక్కర్లేదంట. రేడియేషను కరెంటు పెడతారంట, కొన్ని వారాలు రోజూ వెళ్ళాలి. దాంతో పోద్దన్నాడు. గొంతు మాత్రం మునుపట్లా రావచ్చు, రాకపోవచ్చంట."

"క్రేనో?"

"చూడాలి."

పోద్దన్నాడు. పోద్దన్నాడు అంటే పోతుందనే కదా. ఆ మాటని పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూస్తున్నాను, ఎక్కడైనా పగులుందేమోనని. ఉన్నట్టుండి కోపం వచ్చింది. నాకు కోపం వస్తే అపార్టుమెంటు కుక్క లేచి కూర్చుంటుంది, ఇప్పుడా కోపాన్ని సూదిలో దారం ఎక్కించినట్టు ఎక్కించి, "నన్నెందుకు ఒగ్గీసి ఎల్లారు?" అన్నాను.

"పిల్లి కోసం."

"అబద్దం."

"ఊ." ఒప్పుకున్నారు. "అక్కడ నువ్వేడిస్తే నేను చూడలేను గౌరీ."

"నానేడుత్తానని ఎవలు సెప్పారు మీకు?" అన్నాను. అప్పటికే మెడ దాకా తడి. "ఇన్నేళ్ళు కాపరం సేసి నన్ను ఇదా మీరు తెల్సుకున్నది? నానక్కడుంటే ఆ డాక్టర్ని నిలబెట్టి అన్నీ అడిగీదాన్ని. మీరేటడిగారు? ఏటీ అడిగుండరు. తలూపీసి వచ్చీసుంటారు."

"తలూపాను," అన్నారు.

పిల్లి పళ్ళెం ఖాళీ చేసింది. చేసి కూడా దాన్ని నాకుతూనే ఉంది. బీరువా వెనక్కి పోతుందనుకున్నాను. పోలేదు. ఎండ ముక్కలోకి నడిచి, మా ఇద్దరికీ మధ్య కూర్చుని, ముందరి పాదం ఎత్తి మొహం కడుక్కోవడం మొదలుపెట్టింది. దాన్ని లేపకూడదని ఆయన కాళ్ళు ముడుచుకున్నారు. నేను ముక్కు చీదలేక కొంగుతో ఒత్తుకున్నాను. ఇరవై ఏళ్ళ కాపురంలో ఇంత చిన్న గొంతుతో మేమెప్పుడూ దెబ్బలాడుకోలేదు. ఆయన ప్రతి మాటా నాకు వినపడుతోంది. ముందుకి వంగితే, ఊపిరి బిగబడితే, అన్నీ వినపడుతున్నాయి.

"ఇంకోటి," అన్నారు. నవ్వబోయారు, గాలి మాత్రమే వచ్చింది. "అక్కడ నా పేరు పిలిచింది నర్సమ్మ. ఉన్నానన్నాను. జనం, ఫ్యాన్లు, ఎవరో పిల్లోడు ఏడుస్తున్నాడు. ఆవిడకి వినపళ్ళా. మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఉన్నానన్నాను. లేచి జనాన్ని తప్పించుకుని వెళ్ళేసరికి లేరనుకుని నా తర్వాతోళ్ళని పంపించేసింది. అందరూ అయ్యేదాకా కూర్చున్నాను. అందుకే లేటు."

నవ్వే విషయంలాగే చెప్పారు. నాకా వరండా కనపడింది. తెల్ల చొక్కా తొడుక్కుని, పొడుగాటి బెంచీ మీద, నేను ఇక్కడ బొటనవేలు చూసుకుంటూ కూర్చున్న సమయంలోనే, ఉన్నాను అని రెండుసార్లు చెప్పి, లేడనిపించుకున్న మనిషి కనపడ్డాడు. ఏడుపు ఆగిపోయింది. ఎందుకాగిందో తెలీదు. ఒళ్ళంతా ఒక్కసారి ముని వేళ్ళ మీదికి వచ్చినట్టయింది.

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"సోమవారం."

"నానొత్తాను."

"బడి?"

"సెలవెడతాను."

"ఇక్కడ దీన్నెవరు చూస్తారు?"

"అది తిన్నాది కదా. ఇంక తింటాది." పిల్లి పాదం గాల్లోనే ఆపి నా వైపు చూసింది. గొంతు పెంచలేదు. ఆయనకొక్కరికే వినపడేంత మెల్లగా అన్నాను, "మీ పేరు పిలిస్తే నాను పలుకుతాను."

ఆయన తలూపారు.